ముందు తీయాలా వద్దా, తర్వాతే లేజర్

(పిల్లల తల్లిదండ్రుల కోసం ఏర్పాటు చేసిన సభలో ఒక చెవి, ముక్కు, గొంతు వైద్యుడు చేసిన ప్రసంగ పాఠం. చివర కొన్ని ప్రశ్నలు, జవాబులు.)

అందరికీ నమస్కారం. ఆదివారం పూట ఇంట్లో పనులన్నీ వదులుకుని ఇంతమంది వచ్చారు, సంతోషం. నిర్వాహకులు నన్ను లేజర్‌తో టాన్సిల్స్ వైద్యం గురించి మాట్లాడమన్నారు. తప్పకుండా మాట్లాడతాను. అయితే లేజర్ దగ్గరికి రావడానికి కాస్త సమయం తీసుకుంటాను, ఓపిక పట్టండి.

ఈమధ్య నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది కూర్చోగానే అడిగే మాట ఒకటుంది. "డాక్టర్ గారూ, లేజర్‌తో తీసేస్తారా? కోత ఉండదంట, రక్తం రాదంట, సాయంత్రానికి ఇంటికి పంపేస్తారంట కదా?" అప్పటికి నేను పిల్లవాడి నోరు కూడా తెరిపించి ఉండను. ఆ టాన్సిల్స్ తీయాలో వద్దో ఇంకా ఎవరికీ తెలియదు. కానీ దేంతో తీయాలో మాత్రం ఇంట్లోనే నిర్ణయమైపోయింది! ఇది నాకు నిజంగా ఆందోళన కలిగిస్తోంది. లేజర్ మంచి పరికరమే, నేనూ వాడతాను. కానీ ఆ పేరులోని ఆకర్షణ వల్ల అవసరం లేని పిల్లలకు కూడా ఆపరేషన్ జరిగిపోకూడదు.

అసలు టాన్సిల్స్ ఎక్కడుంటాయో ముందు చూద్దాం. పిల్లవాణ్ణి "ఆ" అనమంటే గొంతు మధ్యలో వేలాడుతూ కనిపించేది కొండనాలుక. అది టాన్సిల్ కాదు. దానికి రెండు పక్కలా గోడలకు ఆనుకుని గుండ్రంగా కనిపించేవి టాన్సిల్స్. దవడ కింద బయట చేతికి తగిలే బిళ్ళలు కూడా టాన్సిల్స్ కావు, అవి లింఫ్ గ్రంథులు. గొంతు వాచినప్పుడు అవి కూడా ఉబ్బుతాయి. చెవి కింద చెంప పొంగితే గవదబిళ్ళలు, అది పూర్తిగా వేరే జబ్బు. ఈ నాలుగింటినీ కలిపేసి "టాన్సిల్స్ వచ్చాయి" అంటుంటాం. టాన్సిల్స్ ఎక్కడినుంచో రావు. పుట్టుకతో అందరికీ ఉంటాయి. నోటిలోంచి, ముక్కులోంచి లోపలికి వచ్చే క్రిములను గుర్తుపట్టడం శరీరానికి నేర్పే కణజాలం అది. మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ వయసులో బాగా పెరుగుతాయి, యుక్తవయసు వచ్చేసరికి వాటంతట అవే చిన్నవవుతాయి. కాబట్టి అయిదేళ్ళ పిల్లవాడి నోట్లో టాన్సిల్స్ పెద్దగా కనిపించినంత మాత్రాన జబ్బు కాదు.

మరి ఎప్పుడు తీయాలి? ముఖ్యంగా రెండు కారణాలున్నాయి. ఒకటి, పదేపదే వచ్చే ఇన్ఫెక్షన్. రెండోది, నిద్రలో ఊపిరి అడ్డుపడటం.

ఇన్ఫెక్షన్ సంగతి. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో జాక్ పారడైజ్ అనే పిల్లల వైద్యుడి బృందం 1984లో ఒక పరిశోధన ప్రచురించింది. ఇప్పటికీ చాలా దేశాల్లో దాన్నే కొలమానంగా పెట్టుకున్నారు. ఏడాదిలో 7 సార్లు, లేదా వరసగా రెండేళ్ళు ఏడాదికి 5 సార్లు చొప్పున, లేదా మూడేళ్ళు ఏడాదికి 3 సార్లు చొప్పున గొంతు ఇన్ఫెక్షన్ వచ్చిన పిల్లలకు ఆపరేషన్ వల్ల మేలు కనిపించింది. ఇక్కడ "గొంతు ఇన్ఫెక్షన్" అంటే జలుబుతో వచ్చే గరగర కాదు. గట్టి జ్వరం ఉండాలి, లేదా టాన్సిల్ మీద తెల్లటి చీము పొర కనిపించాలి, లేదా మెడలో గ్రంథులు వాచి నొప్పి పెట్టాలి, లేదా పరీక్షలో స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియా తేలాలి. అదీ ప్రతిసారీ డాక్టర్ చూసి రాసిపెట్టి ఉండాలి. ఆ పరిశోధనలో నాకు బాగా నచ్చిన విషయం ఇంకొకటుంది. ఆపరేషన్ చేయకుండా వదిలేసిన పిల్లల్లో కూడా చాలామందికి తర్వాతి సంవత్సరాల్లో ఇన్ఫెక్షన్లు తగ్గిపోయాయి. అందుకే లెక్క ఆ హద్దు దాటకపోతే "ఒక ఏడాది చూద్దాం" అంటాను. అలా అన్నానని కోపం తెచ్చుకుని ఇంకో ఆసుపత్రికి వెళ్ళిపోయేవాళ్ళు ఉన్నారు. వెళ్ళనివ్వండి, నేను చెప్పేది మాత్రం అదే.

అందుకే ఒక చిన్న పని చేయండి. పిల్లవాడికి గొంతు నొప్పి, జ్వరం వచ్చిన ప్రతిసారీ తేదీ, జ్వరం ఎంత వచ్చింది, ఎన్నాళ్ళు స్కూలు మానేశాడు, ఏ మందు వాడారు, ఇవన్నీ ఒక నోటుబుక్‌లో రాసిపెట్టండి. "నెలనెలా వస్తూనే ఉంది సార్" అన్న మాటకంటే ఆ నోటుబుక్ నాకు వందరెట్లు ఉపయోగపడుతుంది.

స్ట్రెప్టోకాకస్ పేరు వచ్చింది కాబట్టి మన దేశంలో దాని గురించి నొక్కి చెప్పకుండా ముందుకు పోలేను. పిల్లల్లో గొంతు నొప్పుల్లో ఎక్కువ భాగం వైరస్ వల్ల వచ్చేవే. వాటికి యాంటీబయాటిక్ పనిచేయదు. కానీ ఈ స్ట్రెప్ ఇన్ఫెక్షన్‌ను సరిగ్గా తగ్గించకపోతే కొందరు పిల్లల్లో రుమాటిక్ జ్వరం వస్తుంది. ముందు కీళ్ళు వాస్తాయి, తర్వాత గుండె కవాటాలు పాడవుతాయి. అందుకే డాక్టర్ 10 రోజుల మందు రాస్తే 10 రోజులూ వేయాలి. మూడో రోజుకే జ్వరం తగ్గిందని సీసా పక్కన పెట్టేయడం మన ఇళ్ళల్లో జరిగే పెద్ద పొరపాటు. ఒకసారి రుమాటిక్ జ్వరం వచ్చిన పిల్లలకు మూడు, నాలుగు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ ఏళ్ళ తరబడి ఇస్తారు. టాన్సిల్స్ తీయించాం కదా అని ఆ ఇంజెక్షన్లు ఆపేయకండి. లేజర్‌తో తీసినా, మరి దేంతో తీసినా, ఆ ఇంజెక్షన్‌కు అది బదులు కాదు.

ఇక రెండో కారణం, గురక. గురక పెట్టి నిద్రపోతుంటే "గాఢంగా నిద్రపోతున్నాడు" అని మురిసిపోతాం. కానీ ఆ గురక మధ్యలో ఆగిపోయి, ఛాతీ లోపలికి లాక్కుపోయి, ఒక్కసారిగా ఉలిక్కిపడి ఊపిరి తీసుకుంటే అది నిద్రలో శ్వాస ఆగే జబ్బు. పెద్దవైన టాన్సిల్స్, ముక్కు వెనక ఉండే అడినాయిడ్స్ కలిసి దారి మూసేస్తాయి. ఈ పిల్లలు నోరు తెరిచి పడుకుంటారు, పక్క తడుపుతారు, పగలు చిరాకుగా ఉంటారు, కొందరు సరిగ్గా ఎదగరు. అమెరికాలో 464 మంది పిల్లల మీద జరిగిన పరిశోధన ఒకటి 2013లో వచ్చింది. ఏడు నెలల తర్వాత చూస్తే, ఆపరేషన్ చేసిన పిల్లల్లో 79 శాతం మందికి నిద్ర పరీక్ష, అంటే నిద్రలో ఊపిరి ఎలా ఆడుతోందో కొలిచే పరీక్ష, మామూలు స్థితికి వచ్చింది. చేయకుండా ఆగినవాళ్ళలో కూడా 46 శాతం మందికి మామూలైపోయింది. ప్రవర్తన, ఉత్సాహం ఆపరేషన్ చేసినవాళ్ళలో బాగా మెరుగుపడ్డాయి. ఏకాగ్రత పరీక్షల్లో మాత్రం పెద్ద తేడా కనిపించలేదు. కాబట్టి "ఆపరేషన్ చేయిస్తే మార్కులు పెరుగుతాయి" అని ఎవరైనా అంటే నమ్మకండి. మీ ఫోన్‌లో పిల్లవాడు నిద్రపోయే వీడియో రెండు నిమిషాలు తీసుకురండి. చొక్కా లేకుండా, ఛాతీ కనిపించేలా తీయండి.

ఇప్పుడు లేజర్ దగ్గరికి వద్దాం.

1960లో థియోడర్ మైమన్ మొదటి లేజర్ వెలిగించాడు. నాలుగేళ్ళకే, 1964లో, అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కార్బన్ డయాక్సైడ్ లేజర్ కనిపెట్టింది మనవాడే, మహారాష్ట్రలోని బారామతిలో పుట్టిన కుమార్ పటేల్. 1970ల మొదట్లో బోస్టన్‌లో స్ట్రాంగ్, జాకో అనే సర్జన్లు ఆ లేజర్‌ను స్వరపేటిక ఆపరేషన్లలోకి తెచ్చారు. అక్కడినుంచి అది గొంతు అంతటికీ పాకింది.

ఈ లేజర్ వెలుగు కంటికి కనిపించదు. దాన్ని నీరు బాగా పీల్చుకుంటుంది. మన కణాల్లో ఉండేది చాలావరకు నీరే కదా, ఆ నీరు ఒక్క క్షణంలో మరిగి ఆవిరైపోతుంది, కణం మాయమవుతుంది. వేడి లోతుకు పోదు, మిల్లీమీటరులో ఒక చిన్న భాగం దగ్గరే ఆగిపోతుంది. అందుకే అంత కచ్చితంగా పనిచేస్తుంది. డయోడ్ లేజర్ ఇంకో రకం. సన్నటి ఫైబర్ చివర నుంచి వస్తుంది, యంత్రం చిన్నది, ధర తక్కువ, మన ఊళ్ళలో కూడా దొరుకుతోంది. దాని వేడి ఇంకొంచెం లోతుకు పోతుంది. కేటీపీ లేజర్ ఆకుపచ్చగా ఉంటుంది, దాన్ని రక్తంలోని ఎర్రని పదార్థం పీల్చుకుంటుంది. పేరు ఒకటే "లేజర్", పనితీరు మాత్రం దేనికదే వేరు. మీ డాక్టర్ లేజర్ అంటే ఏ లేజర్ అని అడగండి. అడగడం మీ హక్కు.

ఇంకో సంగతి. "లేజర్ ఆపరేషన్" అని చెప్పి చేసేదాంట్లో కొంత అసలు లేజరే కాదు. కోబ్లేషన్ అని ఒక పద్ధతి ఉంది. ఉప్పునీటిలోంచి విద్యుత్తు పంపి ప్లాస్మా (రక్తంలోది కాదు, విద్యుదావేశమున్న వాయువు పొర) పుట్టించి, తక్కువ వేడిలో కణజాలాన్ని కరిగిస్తుంది. మంచి పద్ధతే. కానీ అది లేజర్ కాదు, బిల్లులో అలా రాయకూడదు.

లేజర్‌తో టాన్సిల్‌కు చేసే పనులు మూడు రకాలు. వీటిని కలిపేయడం వల్లే గందరగోళమంతా.

మొదటిది, టాన్సిల్‌ను మొత్తంగా తీసేయడం. టాన్సిల్ చుట్టూ ఒక పొర ఉంటుంది, దాని వెనక గొంతు కండరం. పాత పద్ధతిలో ఆ పొరతో సహా కత్తెరతో, పనిముట్లతో ఒలిచి తీస్తాం. అదే పనిని లేజర్‌తో చేయవచ్చు. ఆపరేషన్ బల్ల మీద రక్తం తక్కువ పోతుంది, నిజమే. కానీ లేజర్ మూసేది సన్నటి రక్తనాళాలనే. టాన్సిల్‌లోకి వచ్చే ధమని కొమ్మ కాస్త పెద్దది, దాన్ని ఎలాగూ కాల్చాలి లేదా దారంతో ముడివేయాలి. పైగా తీసిన చోట కండరం తెరుచుకునే ఉంటుంది. దానిమీద కట్టిన తెల్లటి పెచ్చు అయిదో రోజు నుంచి పదో రోజు మధ్యలో ఊడుతుంది. అసలు రక్తస్రావం భయం అప్పుడే. ఇంగ్లండ్, ఉత్తర ఐర్లండ్‌లలో 2003-04లో దాదాపు 34 వేల మంది టాన్సిల్ ఆపరేషన్లను నమోదు చేసి చూశారు. వేడితో చేసే పద్ధతుల్లో తర్వాత వచ్చే రక్తస్రావం, వేడి లేకుండా మామూలు పనిముట్లతో చేసినదానికంటే ఎక్కువగా తేలింది. అక్కడ ఎక్కువగా వాడినది విద్యుత్తుతో కాల్చే పరికరాలు, లేజర్ కాదు. కానీ గాయం కాలితే మానడానికి సమయం పడుతుందన్నది లేజర్‌కూ వర్తిస్తుంది. మొదటి రోజు నొప్పి తక్కువగా ఉండి, వారం తర్వాత ఎక్కువయ్యే పిల్లల్ని చూస్తుంటాం. కాబట్టి మొత్తంగా తీయాల్సి వస్తే, లేజర్ లేదని బాధపడకండి. హైదరాబాద్‌లో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి, విశాఖలో ఈఎన్‌టీ ఆసుపత్రి లాంటి ప్రభుత్వ ఆసుపత్రులకు వెళ్ళడానికి సంకోచించకండి. మామూలు పనిముట్లతో చక్కగా చేసిన ఆపరేషన్ రెండో రకం వైద్యం కాదు.

రెండోది, నాకు చాలా ఇష్టమైనది, టాన్సిల్‌లో కొంత భాగమే తీయడం. సపోటా పండును సగానికి కోసి, తొక్క చిరగకుండా చెంచాతో గుజ్జు మాత్రం తీస్తాం చూడండి, అలాగన్నమాట. పొర అలాగే ఉంటుంది, వెనక కండరం బయటపడదు, పెద్ద రక్తనాళాలు బయటపడవు. అందుకే నొప్పి తక్కువ, రక్తస్రావం తక్కువ, పిల్లలు తొందరగా అన్నం తింటారు. 1990ల చివర్లో స్వీడన్‌లో ఎలిజబెత్ హుల్ట్‌క్రాంట్జ్ బృందం కార్బన్ డయాక్సైడ్ లేజర్‌తోనే ఈ పద్ధతిని పిల్లల్లో పరీక్షించి చూపించింది. ఇప్పుడు ఆ దేశంలో గురక పెట్టే పిల్లలకు ఇదే ఎక్కువగా చేస్తున్నారు. దీనికో లోపం ఉంది. మిగిలిన ముక్క మళ్ళీ పెరగవచ్చు. ముఖ్యంగా బాగా చిన్న పిల్లల్లో మళ్ళీ ఆపరేషన్ అవసరమయ్యే అవకాశం, మొత్తం తీసినవాళ్ళకంటే ఎక్కువ. అలాంటివాళ్ళు తక్కువమందే, కానీ తల్లిదండ్రులకు ముందే చెప్పాలి.

ఇక్కడ కాసేపు ఆగి ఆలోచించండి. ఈ రెండో పద్ధతిలో మేలు ఎక్కడినుంచి వచ్చింది? లేజర్ నుంచి కాదు, పొరను వదిలేయడం నుంచి వచ్చింది. అదే పనిని కోబ్లేషన్‌తో చేసినా, తిరిగే చిన్న బ్లేడున్న మైక్రోడిబ్రైడర్‌తో చేసినా అదే మేలు. కాబట్టి డాక్టర్‌ను "లేజరేనా?" అని అడిగే బదులు, "మొత్తం తీస్తారా, కొంత తీస్తారా, ఎందుకు?" అని అడగండి. ఈరోజు మీరు ఇంటికి ఒక్క ప్రశ్న తీసుకెళ్ళాలంటే ఇదే తీసుకెళ్ళండి.

మూడోది పెద్దవాళ్ళ కోసం. టాన్సిల్ మీద గుంటలుంటాయి. వాటిలో ఆహారం తునకలు, చచ్చిన కణాలు, బ్యాక్టీరియా చేరి తెల్లటి, పసుపుపచ్చటి ముద్దలవుతాయి. దగ్గితే బయటకు వస్తాయి, భరించలేని వాసన. వీటినే టాన్సిల్ రాళ్ళు అంటారు. ప్రాణానికి ప్రమాదం లేదు కానీ మనిషిని కుంగదీస్తాయి. నలుగురిలో మాట్లాడటానికి భయపడి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడేవాళ్ళు నా దగ్గరికి వస్తారు. వాళ్ళకు ముందు ఉప్పునీటి పుక్కిలింతలు, పళ్ళ డాక్టర్ పరీక్ష. అప్పటికీ తగ్గకపోతే గొంతులో మత్తుమందు స్ప్రే చేసి, కుర్చీలో కూర్చోబెట్టే, ఆ గుంటల అంచుల్ని లేజర్‌తో ఆవిరి చేసి వాటి నోళ్ళు తెరుచుకునేలా చేయవచ్చు. పూర్తి మత్తు అక్కర్లేదు. ఒకటికి రెండుసార్లు చేయాల్సి రావచ్చు. నోట్లో ఏది పెట్టినా వాంతి వచ్చేవాళ్ళకు ఇది కుదరదు. నన్నడిగితే టాన్సిల్ వైద్యంలో లేజర్ నిజంగా వెలిగే చోటు ఇదే.

పెద్దవాళ్ళలో కుర్చీలోనే కొంత భాగం తీసే పద్ధతిని నెదర్లాండ్స్‌లో దాదాపు 200 మంది మీద, మొత్తం తీసే ఆపరేషన్‌తో పోల్చి చూశారు, 2022లో ఫలితాలు వచ్చాయి. లేజర్‌తో కొంత తీయించుకున్నవాళ్ళు తొందరగా కోలుకుని పనుల్లోకి వెళ్ళారు. కానీ ఆరు నెలల తర్వాత ఎంతోకొంత బాధ మిగిలినవాళ్ళు వాళ్ళలోనే ఎక్కువ. కొందరికి ఆ బేరం నచ్చుతుంది, కొందరికి నచ్చదు. పూర్తి సమాచారంతో వాళ్ళే నిర్ణయించుకోవాలి.

లేజర్ జోలికే పోకూడని చోటు ఒకటుంది. పెద్దవాళ్ళలో ఒక్క పక్క టాన్సిల్ మాత్రమే పెరిగినా, పుండు పడినా, మెడలో గట్టి గడ్డ ఉన్నా, మింగితే ఒకే పక్క చెవిలోకి పోటు వచ్చినా అది క్యాన్సర్ కాదని ముందు తేల్చుకోవాలి. చుట్ట, బీడీ, గుట్కా అలవాటున్నవాళ్ళు మరీ జాగ్రత్తగా ఉండాలి, కానీ ఏ అలవాటూ లేనివాళ్ళకు కూడా హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిలోమా) అనే వైరస్ వల్ల రావచ్చు. లేజర్‌తో ఆవిరి చేసేస్తే పరీక్షకు పంపడానికి ముక్క మిగలదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది. ముందు బయాప్సీ, ఆ తర్వాతే ఏదైనా.

థియేటర్‌లో జాగ్రత్తలు కూడా కాస్త తెలుసుకోండి. పిల్లలకు లేజర్ చేసినా పూర్తి మత్తు ఇవ్వాల్సిందే. మత్తుతోపాటు ఆక్సిజన్ వెళ్తుంటుంది, పక్కనే లేజర్ నిప్పు. రెండూ కలిస్తే ఊపిరి గొట్టంలో మంటలు రావచ్చు. చాలా అరుదు, కానీ ఘోరం. అందుకే ఆక్సిజన్‌ను 30 శాతం కంటే తక్కువగా ఉంచుతారు, లేజర్‌కు కాలని ప్రత్యేకమైన గొట్టం వాడతారు, చుట్టూ తడి గుడ్డలు పెడతారు, పిల్లవాడి కళ్ళు కప్పుతారు. ఈ ఏర్పాట్లు, అనుభవమున్న మత్తు డాక్టర్ లేని చోట లేజర్ యంత్రం ఉండి లాభం లేదు.

ఇక ప్రశ్నలు తీసుకుంటాను.

ప్రశ్న: డాక్టర్ గారూ, టాన్సిల్స్ తీసేస్తే మా పాపకు రోగనిరోధక శక్తి తగ్గిపోతుందా? మా అత్తగారు ఒప్పుకోవడం లేదు.

జవాబు: మీ అత్తగారి భయం అర్థం లేనిదేమీ కాదమ్మా. అది పనికొచ్చే అవయవమే. కానీ గొంతులో, నాలుక వెనక, ముక్కు వెనక అలాంటి కణజాలం ఇంకా చాలా ఉంది, మిగతా శరీరమంతా లింఫ్ గ్రంథులున్నాయి. నిజంగా అవసరమున్న పిల్లలకు తీస్తే తర్వాత తరచూ జబ్బు పడతారనడానికి గట్టి ఆధారం లేదు. అవసరం లేనివాళ్ళకు తీయకూడదన్నదాంట్లో మాత్రం నేను మీ అత్తగారి పక్షమే.

ప్రశ్న: ఆపరేషన్ తర్వాత ఏం పెట్టాలి సార్? ఐస్‌క్రీమ్ పెట్టవచ్చంటారు, నిజమేనా?

జవాబు: పెట్టవచ్చు. అంతకంటే ముఖ్యం నీళ్ళు. గొంతు ఎండితే నొప్పి పెరుగుతుంది. ఇడ్లీ, మెత్తటి పెరుగన్నం, గోరువెచ్చటి రాగిజావ పెట్టండి. జంతికలు, చిప్స్, పచ్చళ్ళు రెండు వారాలు వద్దు. నొప్పి మందు పిల్లవాడు ఏడ్చాక వేయడం కాదు, డాక్టర్ చెప్పిన వేళకు వేయండి. గొంతులో తెల్లగా కనిపిస్తే చీము అనుకుని కంగారు పడకండి, అది మానే గాయం మీది పెచ్చు. చెవి నొప్పి అంటే కూడా అది గొంతులోంచి వచ్చే నొప్పే, చెవిలో చుక్కలు వేయకండి. ఇంట్లో మిగిలిన దగ్గు మందు, ముఖ్యంగా కోడీన్ ఉన్నది, అస్సలు వేయవద్దు. టాన్సిల్ ఆపరేషన్ తర్వాత కోడీన్ వల్ల కొందరు పిల్లల ఊపిరి ఆగిపోయి ప్రాణాలు పోయాయి, 2013లో అమెరికా ఔషధ సంస్థ దాన్ని వాడవద్దని గట్టిగా హెచ్చరించింది.

ప్రశ్న: మాది ఇక్కడికి 60 కిలోమీటర్లు సార్. లేజర్ అయితే అదే రోజు పంపేస్తామన్నారు. ఊరికి తీసుకుపోవచ్చా?

జవాబు: అదే రోజు ఆసుపత్రి నుంచి పంపడం తప్పేమీ కాదు, పిల్లవాడు నీళ్ళు తాగుతూ, రక్తం లేకుండా, ఊపిరి బాగుంటే పంపవచ్చు. కానీ మూడేళ్ళ లోపు పిల్లల్ని, నిద్రలో ఊపిరి బాగా ఆగే పిల్లల్ని ఆ రాత్రికి ఆసుపత్రిలోనే ఉంచాలి. ఊరికి పోవడం సంగతి అంటారా, పది, పన్నెండు రోజులు ఆసుపత్రికి అరగంట దూరంలో చుట్టాలింట్లోనో, గది తీసుకునో ఉండండి. ఎర్రటి రక్తం ఉమ్మినా, నిద్రలో పదేపదే గుటకలు వేస్తున్నా, నల్లటి వాంతి చేసుకున్నా తెల్లారేదాకా ఆగకండి, వెంటనే బయలుదేరండి. ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందే అడగండి, అర్ధరాత్రి రక్తం వస్తే మీ దగ్గర సర్జన్, మత్తు డాక్టర్ ఉంటారా, ఏ నంబరుకు ఫోన్ చేయాలి అని. ఆ నంబరు ఫోన్‌లో పెట్టుకున్నాకే కాగితం మీద సంతకం పెట్టండి.